బస్సు నిద్రపోయే చోటు

ముప్పై నాలుగేళ్లు బస్సుల వెంట తిరిగాను. కండక్టరుగా మొదలుపెట్టి, కంట్రోలరునై, చివరి పదకొండేళ్లు ఆదోని డిపోలో ట్రాఫిక్ సూపర్‌వైజరుగా పనిచేసి దిగాను. ఏ ప్రమోషన్ ఎప్పుడు వచ్చిందో, ఎవరు అడ్డుపడ్డారో ఇక్కడ రాయను. అది మొదలుపెడితే నా తిట్లకే రెండు నోటుపుస్తకాలు చాలవు. ఈ మధ్య ఉద్యోగంలో కొత్తగా చేరిన ముగ్గురు పిల్లలు ఇంటికొచ్చి, "సార్, ఈ పని ఎట్లుంటాదో రోంత సెప్పండి" అన్నారు. కాఫీ ఇచ్చి, ఆరోగ్యం చూసుకోండి అని పంపేశాను. వాళ్లు వీధి మలుపు తిరిగాక సిగ్గేసింది. నాకు చెప్పినవాళ్లు తప్పు చెప్పారు, నేనేమో అసలే చెప్పకుండా పంపాను.

అందుకని ఇప్పుడు చెబుతున్నాను. బస్సు నడపడం డ్రైవరు పని. టికెట్టు కొట్టడం కండక్టరు పని. బస్సు ఎక్కడ ఆగాలి, ఎక్కడ తిరగాలి, రాత్రిపూట ఏ ఊళ్లో ఏ చోట నిద్రపోవాలి అన్నది తేల్చడం మన పని. వినడానికి చిన్నదిగా ఉంటుంది. కానీ ఒక ఊళ్లో ఎవరు ముందు, ఎవరు వెనక అని తాతల నాడు రాసిపెట్టుకున్నదాన్ని మనం ఒక సున్నపు గీతతో మార్చగలం. అదే గీతతో ఇంకా గట్టి చెయ్యగలం. నేను రెండూ చేశాను. ముందు రెండోది చేశాను.

ఎమ్మిగనూరు పాఠం

నేను పుట్టింది ఎమ్మిగనూరులో, మగ్గం ఉన్న ఇంట్లో. కంట్రోలరుగా మొదటి పోస్టింగు కూడా అక్కడే పడింది. అక్కడ నా పైఅధికారి ఒకాయన ఉండేవాడు. ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కా, నుదుట బొట్టు, తియ్యని మాట. కాలేజీ పిల్లలు వచ్చి బస్టాండు గేటు ముందు కూర్చుంటే మిగతావాళ్లు పోలీసులకు ఫోన్ చేసేవాళ్లు. ఆయన మాత్రం నడుచుకుంటూ బయటికి వెళ్లి, పిల్లల మధ్యే నేల మీద కూర్చుని, వాళ్ల కాగితం తీసుకుని దాని మీద "న్యాయమైన కోరిక, పై అధికారులకు నివేదిస్తాను" అని రాసి సంతకం పెట్టేవాడు. అందరికీ సమోసాలు తెప్పించేవాడు. పిల్లలు చప్పట్లు కొట్టి లేచిపోయేవాళ్లు. కాగితం ఆయన సొరుగులోకి పోయేది. పైకి పోయిన కాగితం ఒక్కటీ నేను చూడలేదు.

ఒకరోజు అడిగాను, ఇది సరేనా సార్ అని. "పిల్లోల్లు పాలపొంగు మాదిరప్పా" అన్నాడు. "రోన్ని నీళ్లు సల్లితే దిగిపోతాది. దానికి పొయ్యి ఆర్పే పనేముండాది?"

నాకు ఆ మాట భలే నచ్చింది. పదిహేనేళ్లు అదే చేశాను. ఆయన చెడ్డవాడేం కాదు, నా పెళ్లిలో ముందు నిలబడి బంధువులకు వడ్డించినవాడు. కానీ ఆయన నేర్పిన విద్య మాత్రం పనికిమాలింది. పిల్లలు అడిగినదాన్ని వినకుండా, మన దగ్గర ఇవ్వడానికి ఏముందో దాన్నే వాళ్లు అడిగారనుకోవడం ఆ విద్య. ఆస్పరి దోవలో ఒక ఊరు నా చేత దాన్ని వదిలించింది.

తువ్వాలలు

ఆ ఊరి పేరు రాయను. అక్కడివాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు, నా రాతతో మళ్లీ మొహాలు తిప్పుకోవడం ఎందుకు. సాయంత్రం ఆదోని నుంచి పోయే మా బస్సు రాత్రికి ఆ ఊళ్లో రచ్చకట్ట ముందు ఆగి, పొద్దున ఆరింటికి బయలుదేరి ఆదోని వస్తుంది. దీన్ని మేము నైట్ హాల్ట్ అంటాం. కాలేజీకి వేళకు అందే బస్సు అదొక్కటే. ఊరు దాటి అర కిలోమీటరు ముందుకు పోతే చర్చి కాలనీ. కూలిపని చేసుకునే కుటుంబాలు. బస్సు అక్కడిదాకా పోయేది కాదు.

రాత్రి ఆగిన డ్రైవరుకూ కండక్టరుకూ అన్నం పెట్టేది ఊరి పెద్ద వీరభద్రప్ప. మంచి భోజనం, పైన పెరుగు. తిన్నింటి వాసాలు ఎవరు లెక్కపెడతారు? తెల్లారకముందే ఊరివాళ్లు వచ్చి కిటికీలోంచి సీట్ల మీద తువ్వాలలు వేసి, ఇంటికిపోయి, నిదానంగా మొహం కడుక్కుని, ఆరింటికి వచ్చి కూర్చునేవాళ్లు. మావాళ్లు చూసీ చూడనట్టు ఉండేవాళ్లు.

తువ్వాల వేసి సీటు ఆపుకోవడం మన దేశమంతా ఉన్న ముచ్చటే. అది పాపం కాదు. కానీ ఈ ఊళ్లో కాలనీవాళ్ల తువ్వాల మాత్రం సీటు మీద నిలిచేది కాదు. ఎవరో ఒకరు కట్టెపుల్లతో ఎత్తి కింద పడేసేవారు. అందుకని కాలనీవాళ్లు అర కిలోమీటరు నడిచి వచ్చి, మనిషి లేని బస్సు ఎక్కి, తువ్వాలల మధ్య నిలబడి ఆదోని దాకా ప్రయాణం చేసేవాళ్లు. ఎన్నేళ్ల నుంచి అని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు.

రెండు గ్లాసుల మజ్జిగ

ఆ కాలనీ నుంచి ఒక రోజు ఆరుగురు పిల్లలు డిపోకి వచ్చారు. ముందు నిలబడిన అమ్మాయి పేరు సుజాత. ఆదోనిలో డిగ్రీ మొదటి సంవత్సరం, బోటనీ. సన్నగా, పొడుగ్గా, కళ్లలోకి సూటిగా చూసే పిల్ల. కాగితం మీద ఒకటే వాక్యం రాసుకొచ్చారు: రాత్రి బస్సు మా కాలనీలో చర్చి ముందు ఆపవలెను.

సొంత తెలివితో నేను అర్థం చేసుకున్నదేమిటంటే, వీళ్లకు అర కిలోమీటరు నడవడం బద్ధకం. నివేదిస్తానని రాసి సంతకం పెట్టాను. సమోసాలు మాత్రం తెప్పించలేదు. ఎందుకో ఆ అమ్మాయి చూపు చూస్తే ధైర్యం చాలలేదు.

అయినా సర్వేకు పోయాను, ఆ మాత్రం మెచ్చుకోవాలి నన్ను. నడివేసవి. ఊళ్లో జీపు ఆగగానే వీరభద్రప్ప ఎదురొచ్చి వాళ్ల ఇంటి వసారాలో కూర్చోబెట్టాడు. అల్లం, కొత్తిమీర దంచి వేసిన చల్లటి మజ్జిగ వచ్చింది.

"ఇంత ఎండలో ఆడికి పోయి ఏం సూస్తావప్పా?" అన్నాడాయన. "రాళ్లు, ముండ్లకంప. ఆడ బండే తిరగదు, ఇంగ బస్సు యాడ తిరుగుతాది?"

ఇంకో గ్లాసు వచ్చింది. తాగాను. వసారాలోంచి చూస్తే చర్చి నీలం రంగు శిలువ కనబడుతూనే ఉంది. అక్కడే మంచం మీద కూర్చుని, ఆయన ఇచ్చిన అట్ట కింద పెట్టుకుని, "బస్సు తిరుగుటకు తగిన స్థలము లేదు" అని రాశాను. జీపు ఎక్కి వచ్చేశాను. నా ఉద్యోగంలో నేను రాసిన అబద్ధాల్లో ఇదే పెద్దది. విచిత్రమేమంటే రాసేటప్పుడు అది అబద్ధం అనిపించనే లేదు. మర్యాద గల మనిషి చెప్పాడు, నేను రాశాను, అంతే.

బురద పట్టిన రికార్డు

ఏడాది గడిచింది. సుజాత రెండో సంవత్సరంలోకి వచ్చింది. ఒక వారం ఆ ఆరుగురు పిల్లలు తెల్లారకముందే బస్సు దగ్గరికి పోయి, సీట్ల మీద తువ్వాలలకు బదులు తమ పుస్తకాలు పెట్టడం మొదలుపెట్టారు. పుస్తకాన్ని ఎవరూ పారేయరు, సరస్వతి కదా అని వాళ్ల నమ్మకం. మూడు రోజులు ఎవరూ ముట్టుకోలేదు. నాలుగో రోజు వాన కురిసి రచ్చకట్ట ముందు నీళ్లు నిలిచాయి. పుస్తకాలన్నీ ఆ నీళ్లలో పడ్డాయి.

ఆ పొద్దున సుజాత అదే బస్సులో నిలబడి ఆదోని వచ్చి, కాలేజీకి పోకుండా నేరుగా డిపోకి వచ్చింది. నా టేబుల్ మీద ఒక లావుపాటి పుస్తకం పెట్టింది. బోటనీ రికార్డు. ఆకుల బొమ్మలు, వేళ్ల బొమ్మలు, పక్కన ముత్యాల్లాంటి అక్షరాలు. అన్నింటి మీదా ఎర్రబురద.

"ఎవరు పారేసినారమ్మా?" అన్నాను.

"తువ్వాల్లు పారేసినాయి సార్."

"ఎగతాళి వద్దు. పేరు చెబితే నేను మాట్లాడతా."

"పేర్లు సెప్పేకి రాలేదు సార్. పేర్లు సెప్తే ఒక మనిషిని పిలిచి తిడతారు, రేపటినుంచి ఇంగొకడు పారేస్తాడు. బస్సు మా తావ పండుకుంటే ఎవురూ పారేసే పనుండదు. మేము పోయినేడు రాసిచ్చింది అదే గదా."

నాకు జాలి కలిగింది. అధికారికి జాలి కలిగితే ఉదారుడైపోతాడు. కాలనీ దారి మొదట్లో ఆగి ఎనిమిదింటికి బయలుదేరేటట్టు స్టూడెంట్ బస్సు ఒకటి వేయిస్తాను, మీ ఆరుగురూ దర్జాగా కూర్చుని రావచ్చు అన్నాను. ఆ మాట అనేటప్పుడు కుర్చీలో కొంచెం వెనక్కి కూడా వాలాను.

ఆ పిల్ల ఆలోచించింది. "దాంట్లో ఊరోల్ల పిల్లోల్లు ఎక్కుతారా సార్?"

"వాళ్లకెందుకు? వాళ్లకు ఆరింటి బస్సు ఉంది కదా."

"అయితే మాకొద్దు సార్."

"వద్దా?"

"మా జేజి సెప్తాంటాది, హోటల్లో మాకు ఏరే గలాసు పెట్టేటోల్లంట. మీరు ఏరే బస్సే పెడతాండారు. గలాసు కంటే బస్సు శానా పెద్దది సార్. అయినా మాకొద్దు. ఆ బస్సే కావాల."

నాకు ఒళ్లు మండింది. మేలు చేస్తానంటే కాలదన్నుకునే తరం ఇది అని అరిచాను. డిపోలో నలుగురు తొంగిచూశారు. ఆమె రికార్డు తీసుకుని, బురద నా టేబుల్ మీద రాలితే దుపట్టా కొంగుతో తుడిచి మరీ వెళ్లింది.

మరుసటి రోజు నుంచి ఆ ఆరుగురూ మా బస్సు ఎక్కడం మానేశారు. నాలుగు కిలోమీటర్లు నడిచి పెద్దరోడ్డుకు వచ్చి, ఏ బస్సు ఆగితే అది ఎక్కి, మొదటి రెండు క్లాసులు పోగొట్టుకుని కాలేజీకి చేరేవాళ్లు. అటెండెన్సు తగ్గింది. పరీక్షకు కూర్చోనివ్వకపోతే సుజాతకు ముందున్న దారి ఏమిటో ఆ కాలనీలో అందరికీ తెలుసు. కోసిగి, ఆస్పరి వైపు వాళ్లకు దాన్ని విడమరచి చెప్పక్కర్లేదు. సుగ్గికి పోవడం. పంటల కోతకాలంలో మూటాముల్లె కట్టుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోసే పనికి పోతారే, అది. ఒకసారి పోయిన పిల్ల మళ్లీ పుస్తకం పట్టడం అరుదు. కూతుర్ని కూడా తీసుకొస్తానని వాళ్ల నాన్న ఆ యేడు కూలీలను కుదిర్చే మేస్త్రీకి మాట ఇచ్చేశాడని తర్వాత తెలిసింది.

చర్చి తలుపు ఏ వైపు?

అప్పుడు మా డిపోకి కొత్త మేనేజరు వచ్చింది. నా కూతురి వయసు. కృష్ణా జిల్లా మనిషి. పాత ఫైళ్లు చదివే దురలవాటు ఉంది ఆమెకు. వచ్చిన మూడో వారం నన్ను పిలిచింది.

"ఈ సర్వే మీరే చేశారా? కాలనీ దాకా వెళ్లారా?"

"వెళ్లాను మేడం." ముప్పై ఏళ్ల సర్వీసు. తడుముకోకుండా అబద్ధం చెప్పగలను.

"చర్చి తలుపు ఏ వైపుకుంది?"

శిలువ రంగు తెలుసు, తలుపు తెలియదు.

"ఎవరింట్లో ఏం తాగారు?"

"మజ్జిగ మేడం."

"ఎన్ని గ్లాసులు?"

"రెండు."

ఆమె నవ్వలేదు, మెమో ఇవ్వలేదు. "మళ్లీ వెళ్లండి. ఈసారి నీళ్లు మీరే పట్టుకెళ్లండి. ఎవరింట్లోనూ ఏమీ పుచ్చుకోకండి. స్థలం లేకపోతే లేదని రాయండి, నేనే వాళ్లకు చెప్తాను. ఉంటే ఉందని రాయండి" అంది.

నా ఉద్యోగంలో ఎందరో అధికారులు నన్ను నిలబెట్టి తిట్టారు. ఒక్కటీ గుర్తులేదు. ఆ రెండు నిమిషాలు మాత్రం మాట మాటా గుర్తుంది. మీలో ఎవరైనా రేపు అధికారులైతే, కింది ఉద్యోగిని తిట్టేముందు తలుపు ఏ వైపుకుందో అడగండి చాలు.

ముడుల తాడు

ఖాళీ బస్సు ఒకటి తీసుకుని పోయాను. డ్రైవరు ఖాజా. ఆదోనివాడే, నోరు ఊరుకోదు, చెయ్యి మాత్రం బంగారం. వీరభద్రప్ప వాకిట్లో నిలబడి చెయ్యెత్తాడు. నేనూ చెయ్యెత్తి, ఆగకుండా ముందుకు పోనిమ్మన్నాను.

చర్చి తలుపు తూర్పుకుంది. ముందర విశాలమైన మైదానం. రాళ్లు లేవు, ముళ్లకంప లేదు. పిల్లలు ఎదురొచ్చారు. సుజాత చేతిలో చుట్ట చుట్టిన పెద్ద తాడు. తాడుకు అక్కడక్కడ ఎర్రగుడ్డ ముడులు.

"ఇదేంటమ్మా?"

"బస్సు సార్" అంది.

మగ్గం ఇంట్లో పుట్టినవాణ్ని, కొలత చూస్తే గుర్తుపడతాను. ఆదోని బస్టాండులో బస్సు ఆగి ఉన్నప్పుడు ఈ పిల్లలు ఆ తాడును ముందు బంపరు నుంచి వెనక బంపరు దాకా పరిచి ఒక ముడి వేశారు. బస్సు తిరిగేటప్పుడు చక్రాల జాడ మీద తాడు పరిచి ఇంకో ముడి వేశారు. కండక్టర్లు ఏం చేస్తున్నారని అడిగితే ప్రాజెక్టు వర్కు అన్నారట. ఆ తాడుతోనే ఈ మైదానంలో సున్నంతో గుండ్రంగా గీత గీసి ఉంచారు. నేను చెయ్యాల్సిన సర్వే అది. జీతం తీసుకున్నది నేను, కొలిచింది వాళ్లు.

ఖాజా గీత చుట్టూ ఒకసారి నడిచి వచ్చి, డ్రైవరు సీటెక్కి, బస్సును ఒక్క మలుపులో తిప్పేశాడు. చక్రం గీత దాటలేదు. కిందికి దూకి, "సాబ్, కసమ్, మన డిపోలో కంటే ఈడ ఆరామ్‌గా తిరిగింది" అన్నాడు. కాలనీలో ముసలివాళ్లు కూడా ఈలలు వేశారు.

సుజాత తల్లి దేవమణమ్మ టీ తెచ్చింది. నాకు మేనేజరు మాట గుర్తుంది. "డ్యూటీలో ఏమీ తాగనమ్మా" అని నా నీళ్ల సీసా చూపించాను. ఆమె మొహం ఏదోలా అయింది. నా నిజాయితీ చూసి ఆశ్చర్యపోయిందనుకున్నాను. మనిషి ఎంత గుడ్డివాడు కాగలడో చూడండి.

తిరిగి వస్తుంటే వీరభద్రప్ప దారికి అడ్డంగా నిలబడ్డాడు. దిగాను.

"ఏమప్పా, మా మజ్జిగ పులిసిందా?"

"మజ్జిగ బాగుండెన్నా. నా రిపోర్టే పులిసింది" అన్నాను.

"ఈ బస్సు ఊరికే రాలేదప్పా. మా నాయన ఎన్ని అర్జీలు పెట్టినాడో, ఎన్నితూర్లు ఆదోనికి నడిసి పోయినాడో నీకేం తెలుసు? మీ సార్లు నవ్వి పంపిస్తాంటిరి."

ఆ మాటలో నిజం ఉంది, దాన్ని తోసెయ్యను. "మీ నాయన అడిగినట్లే ఆ పిల్లోల్లూ అడుగుతాండారన్నా. బస్సు మీ ఊరు ఇడిసిపెట్టి పోదు. ఇంగ రోంత ముందుకు పోయి పండుకుంటాది, అంతే" అన్నాను. ఆయన పక్కకు జరిగాడు.

ఆ రాత్రే "స్థలము కలదు" అని రాసి ఇచ్చాను. మేనేజరు రెండు రోజుల్లో ఆర్డరు వేసింది. పాత డ్రైవరు ఒకడు, కాలనీలో తనకు నిద్ర పట్టదని డ్యూటీ మార్చుకున్నాడు. నిద్ర ఎక్కడ పడుతుందో ఎక్కడ పట్టదో మనిషి గురించి చాలా చెబుతుంది. ఖాజా ఆ డ్యూటీ అడిగి వేయించుకున్నాడు. దేవమణమ్మ ఇంటి జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి గురించి ఇప్పటికీ డిపోలో చెప్పి అందరి నోరూ ఊరిస్తాడు.

నిలబడినవాళ్లు

మొదటి పొద్దున నేనే పోయాను, ఏదైనా గొడవైతే అడ్డం పడదామని. ఆరింటికి ముందే చర్చి దగ్గర కాలనీవాళ్లు ఎక్కారు. ఇరవై మందికి మించి లేరు. ఎవరి చేతిలోనూ తువ్వాల లేదు. సుజాత నాన్న దావీదు, యాభై దాటిన మనిషి, రెండో సీట్లో కూర్చున్నాడు. వెంటనే లేచాడు. బస్సంతా ఒకసారి చూసి, మళ్లీ కూర్చున్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను.

రచ్చకట్ట దగ్గర ఊరివాళ్లు ఎక్కారు. గొడవ జరగలేదు. నేను కలలో కూడా ఊహించనిది జరిగింది. ఇరవై సీట్లకు పైగా ఖాళీగా ఉన్నాయి, కొన్నిచోట్ల పక్కపక్క సీట్లు రెండూ ఖాళీ. అయినా ఊరివాళ్లు కూర్చోలేదు. కాలనీవాళ్లు ముందే కూర్చున్న బస్సులో కూర్చోవడమా అని అందరూ కడ్డీలు పట్టుకుని నిలబడ్డారు. మోకాలి నొప్పితో వీరభద్రప్ప కూడా నిలబడ్డాడు. నిన్నటిదాకా మనిషి లేని బస్సులో కాలనీవాళ్లు నిలబడ్డారు. ఈ రోజు సీట్లున్న బస్సులో వీళ్లు. తేడా ఏమిటంటే, వీళ్లను ఎవరూ నిలబెట్టలేదు.

ఖాజా ఊరుకుంటాడా? గతుకు వచ్చినప్పుడల్లా అద్దంలో చూసి, "అన్నా, సీట్లు ఉత్తగా పోతాండాయి, టికెట్టు పైసలు వాపసు ఇయ్యరు" అని అరిచాడు. ఎవరూ నవ్వలేదు. సగం దూరం పోయాక ఇద్దరు కుర్రవాళ్లు నవ్వుకుని వెనక సీట్లో కూలబడ్డారు.

ఆదోని కొండ కనబడేసరికి వీరభద్రప్ప కాళ్లు వణుకుతున్నాయి. పక్కనే సుజాత సీటు, దాంట్లో సగం ఖాళీ. ఆయన భుజం మీది తువ్వాల తీసి, ఆ ఖాళీ మీద పరవబోయాడు. అది తువ్వాల వేసి సీటు ఆపడం కాదు. మధ్యలో ఒక గుడ్డ ఉంటే మైల అంటదని. బస్సులో అందరూ చూస్తున్నారు. నేను అడుగు ముందుకు వేశాను.

సుజాత ఆ తువ్వాల అందుకుంది. రెండు మడతలు పెట్టి, రెండు చేతులతో ఆయనకు తిరిగి ఇచ్చింది.

"తువ్వాల ఎందుకు తాతా? సీటు ఖాళీగానే ఉండాది. కూసో" అంది.

ఆయన కాసేపు ఆ మడతను చూశాడు. దాన్ని భుజాన వేసుకుని కూర్చున్నాడు.

ఆయన మనసు మారిందని నేను రాయను. మోకాలు నొప్పి పుట్టింది, కూర్చున్నాడు. మిగతావాళ్లు కూర్చోవడానికి ఇంకో నెల పట్టింది. ఒక్కొక్కరిని ఒక్కొక్క గతుకు కూర్చోబెట్టింది. ఇప్పుడు అదే బస్సులో సీటు కోసం అందరూ అందరితో పోట్లాడుకుంటున్నారు. అది ఆరోగ్యకరమైన పోట్లాట, నేను అడ్డం పడను.

మేనేజరు రాసిచ్చిన ఉత్తరం పట్టుకుని ఆ ఆరుగురూ కాలేజీలో అటెండెన్సు విషయం మాట్లాడుకున్నారు. సుజాత రికార్డు మొత్తం మళ్లీ గీసి పరీక్షకు కూర్చుంది. దావీదు ఆ యేడు మేస్త్రీకి ఇచ్చిన మాట వెనక్కి తీసుకుని, ఒక్కడే సుగ్గికి పోయాడు. కూతుర్ని ఇంట్లో వదిలి పోయాడు. ఇప్పుడామె కర్నూలులో పీజీ చదువుతోంది.

పిల్లలు అడిగేది చాలాసార్లు మనకు మూర్ఖంగా కనబడుతుంది. బస్సు ఇస్తానంటే వద్దంటారు, అర కిలోమీటరు కోసం ఏడాది పోట్లాడతారు. అప్పుడు మీకు కోపం వస్తే, మీరు అడగాల్సిన ప్రశ్న ఇంకా అడగలేదని అర్థం. పాలపొంగు కాదు అది. పొయ్యి దగ్గరికి పోయి చూడండి.

ఒక గ్లాసు

రిటైరైన మరుసటి వారం టికెట్టు కొనుక్కుని ఆ బస్సెక్కి కాలనీకి పోయాను. డ్యూటీ లేదు, నీళ్ల సీసా లేదు. దేవమణమ్మ గుమ్మంలో కూర్చోబెట్టి, లోపలికి పోయి టీ పెట్టి తెచ్చింది. మెరిసిపోతున్న స్టీలు గ్లాసు. అంచు కింద, పెళ్లిసామాన్ల మీద కొట్టిస్తారే, అట్లా చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంది. కళ్లజోడు సర్దుకుని చదివాను. "బస్సు సారు" అని ఉంది.

"ఇది ఎప్పుడు కొట్టించినారమ్మా?"

"మొదటితూరి కొలిసేకి వస్తాండారని తెలిసినప్పుడు సార్" అంది. "మా గలాసుల్లో తాగుతారో లేదోనని కొత్తది తెద్దామని మా ఆయన ఆస్పరికి పోయినాడు. పేరేం కొట్టల్లని అంగడాయన అడిగితే, మీ పేరు తెలీక అట్ల కొట్టించినాడు. తెల్లారినుంచి మైదానమంతా ఊడ్సి నీళ్లు సల్లుకోని కాసుకోని ఉంటిమి. మీ జీపు ఊళ్లో ఆగింది కనపడె. మల్లా ఎనక్కి తిరిగింది కూడా కనపడె." ఆమె చెంగుతో గ్లాసు అంచు తుడిచింది. "రెండోతూరి వచ్చినప్పుడూ దీంట్లోనే తెచ్చింటి. మీరు తాగలే. ఎవురం ముట్టుకోలేదు సార్, కొత్తదే."

మొదటిసారి వీరభద్రప్ప ఇంట్లో మజ్జిగ తాగి ఇక్కడికి రాలేదు. రెండోసారి ఇక్కడిదాకా వచ్చి, నిజాయితీ పేరు చెప్పి ఇక్కడ తాగలేదు. నాకోసం ఎండలో కనిపెట్టుకుని కూర్చున్నవాళ్లకు రెండూ ఒకటే.

టీ తాగాను. చక్కెర ఎక్కువైంది. గ్లాసు కింద పెట్టగానే ఆమె అడక్కుండానే ఇంకోసారి నింపింది. అది కూడా తాగాను.